రెండు సమూహాల సగటుల పోలిక పరీక్ష

రెండు సమూహాల్లో తీసుకున్న కొలతల సగటుల మధ్య తేడా కనిపించినప్పుడు, ఆ తేడా సమూహాల స్వభావం వల్ల వచ్చిందా, కొలతల్లో ఎప్పుడూ ఉండే ఎగుడుదిగుళ్ల వల్ల వచ్చిందా అని పరిశీలించే సాంఖ్యక శాస్త్ర పద్ధతి ఇది. పరికల్పన పరీక్షల్లో అతి ఎక్కువగా వాడుకలో ఉన్నవాటిలో ఇదొకటి. దీని ప్రధాన రూపాన్ని టి-పరీక్ష అంటారు. రెండు మందులు, రెండు బోధనా పద్ధతులు, ఒకే సరుకు చేసే రెండు యంత్రాలు, రెండు పంట రకాలు, ఇలా జంటగా పోల్చవలసిన ప్రతిచోటా దీని అవసరం పడుతుంది.

ఈ వ్యాసం పంట రకాల పోలికను ఆధారంగా తీసుకుంటుంది. పరీక్ష పుట్టుకలో బార్లీ పొలాల పాత్ర ఉండటం ఒక కారణం. తెలుగునాట శతాబ్దానికి పైగా పంట ప్రయోగాలు జరుగుతున్న నంద్యాల, దానికి దక్షిణంగా కడప దారిలో ఉన్న ఆళ్లగడ్డ ప్రాంతాలు ఈ పద్ధతిలోని చిక్కులన్నిటినీ ఒకేచోట చూపించడం రెండో కారణం.

పరిభాష

పరీక్ష ఒక ఊహతో మొదలవుతుంది. రెండు సమూహాల అసలు సగటుల మధ్య ఏ తేడా లేదనుకోవడం శూన్య పరికల్పన. తేడా ఉందనడం ప్రత్యామ్నాయ పరికల్పన. ఇక్కడ అసలు సగటు అంటే ప్రయోగంలో వేసిన కొద్ది మడుల సగటు కాదు, అలాంటి పరిస్థితుల్లో ఎన్ని మడులైనా వేయగలిగితే వచ్చే సగటు. అది ఎవరికీ కనిపించదు. కనిపించేది నమూనా సగటు మాత్రమే.

కొలతలు సగటు చుట్టూ ఎంతగా చెదిరి ఉన్నాయో చెప్పేది విస్తృతి. దాని వర్గమూలం క్రమవిచలనం. ప్రయోగాన్ని మళ్లీ మళ్లీ చేస్తే నమూనా సగటు ఎంత ఊగిసలాడుతుందో చెప్పేది ప్రామాణిక దోషం. మడుల సంఖ్య పెరిగితే ఇది తగ్గుతుంది, అయితే వర్గమూలం లెక్కన మాత్రమే. దోషం సగానికి తగ్గాలంటే మడులు నాలుగింతలు కావాలి.

అసలు తేడా ఏమీ లేకపోయినా, ఇప్పుడు కనిపించినంత తేడా గానీ అంతకు మించినది గానీ యాదృచ్ఛికంగా వచ్చే సంభావ్యతను పి-విలువ అంటారు. శూన్య పరికల్పన నిజం కావడానికి ఉన్న సంభావ్యతే పి-విలువ అనుకోవడం పాఠ్యపుస్తకాలు చదివినవారిలో సైతం కనిపించే పొరపాటు. అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో వెలువరించిన ప్రకటన ఈ అపార్థాన్ని ప్రత్యేకంగా పేర్కొంది. పి-విలువ ఏ గీత కిందికి దిగితే శూన్య పరికల్పనను తోసిపుచ్చాలో ముందే పెట్టుకున్న హద్దు సార్థకతా స్థాయి. వ్యవసాయ ప్రయోగాల్లో అది సాధారణంగా 5 శాతం.

చరిత్ర

విలియం సీలీ గాసెట్ (1876–1937) డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కర్మాగారంలో 1899లో చేరిన రసాయన శాస్త్రజ్ఞుడు. బార్లీ రకాలు, మాల్టు నాణ్యత వంటి విషయాల్లో ఆయనకు నాలుగైదు కొలతలకు మించి దొరికేవి కావు. అప్పటి సాంఖ్యక సూత్రాలన్నీ వందల కొద్దీ కొలతలు ఉంటాయన్న నమ్మకం మీద కట్టినవి. గాసెట్ 1906–07లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో కార్ల్ పియర్సన్ ప్రయోగశాలలో గడిపి, 1908లో బయోమెట్రికా పత్రికలో సగటు దోషంపై తన వ్యాసాన్ని ప్రచురించాడు. ఉద్యోగులు సొంత పేర్లతో పరిశోధనలు ప్రకటించకూడదన్నది సంస్థ నియమం కావడంతో ‘స్టూడెంట్’ అన్న కలంపేరు వాడాడు. టి-విభాజనానికి నేటికీ ఆ పేరే ఉంది.

గాసెట్ ఇచ్చిన సూత్రాన్ని ఇప్పుడు వాడే రూపానికి తెచ్చి, రెండు సగటుల పోలికకు విస్తరించినవాడు రోనాల్డ్ ఫిషర్. ఇంగ్లండులోని రాథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1919 నుంచి 1933 వరకు పనిచేసిన ఫిషర్, 1925లో పరిశోధకుల కోసం రాసిన పుస్తకంతో 5 శాతం హద్దును వాడుకలోకి తెచ్చాడు. 1935లో వచ్చిన ఆయన రెండో ప్రసిద్ధ గ్రంథం ప్రయోగ రచన గురించినది. రెండు రకాల దోషాలు, పరీక్షా సామర్థ్యం అనే భావనలు జెర్జీ నేమన్, ఈగన్ పియర్సన్ 1928–33 మధ్య చేసిన కృషి ఫలితం. రెండు సమూహాల విస్తృతులు వేరైనప్పుడు వాడే సవరణ బి.ఎల్. వెల్చ్ 1938, 1947ల్లో చేసిన పని. సంఖ్యలకు బదులు వాటి వరుస స్థానాలను వాడే పరీక్షలను 1945లో ఫ్రాంక్ విల్కాక్సన్, 1947లో మాన్, విట్నీ ఇచ్చారు.

గాసెట్, ఫిషర్‌ల మధ్య చివరిదాకా తెగని వివాదం ఒకటుంది. గాసెట్ ‘అర గొర్రు’ పద్ధతిని సమర్థించాడు. విత్తే యంత్రంలో సగం సాళ్లలో ఒక రకం, మిగతా సగంలో మరొకటి పోసి, పక్కపక్కనే పట్టీలుగా విత్తి, పక్కపక్క పట్టీలనే పోల్చడం ఆ పద్ధతి. నల్లరేగడిలో గొర్రుతో సాలు తోలడం చూసినవారికి దీన్ని వివరించనక్కరలేదు. నేల ఒక పక్క నుంచి మరో పక్కకు క్రమంగా మారుతుంది కాబట్టి రెండు రకాలకూ సమానంగా పంచిపెట్టడమే న్యాయమని గాసెట్ వాదం. ఏ రకం ఎక్కడ పడాలో చీటీ వేసి తేల్చకపోతే దోషాన్ని లెక్కగట్టడానికే ఆధారం ఉండదని ఫిషర్ వాదం. పొలాన్ని బ్లాకులుగా విడగొట్టి ఒక్కో బ్లాకులో చీటీ వేయడం ఇద్దరి మాటలకూ చోటిచ్చిన ఏర్పాటు. ప్రపంచమంతటా అదే నిలిచింది.

భారతదేశంలో పి.సి. మహలనోబిస్ 1931లో స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఈ విద్యకు కేంద్రమైంది. 1938 జనవరిలో కలకత్తాలో జరిగిన తొలి భారత సాంఖ్యక మహాసభకు ఫిషరే అధ్యక్షుడు. వి.జి. పాన్సే, పి.వి. సుఖాత్మే వ్యవసాయ శాస్త్రజ్ఞుల కోసం రాసిన పుస్తకాన్ని భారత వ్యవసాయ పరిశోధన మండలి 1954లో ప్రచురించింది. వ్యవసాయ కళాశాలల్లో తరాల విద్యార్థులు టి-పట్టికను మొదట చూసింది అందులోనే.

నంద్యాల పరిశోధన స్థానం

తూర్పున నల్లమల, పడమర ఎర్రమల కొండల మధ్య కుందూ నది పరీవాహకంలో నంద్యాల లోయ ఉంది. కుందూ దక్షిణంగా సాగి కడప జిల్లాలో పెన్నలో కలుస్తుంది. లోయ నడుమ లోతైన నల్లరేగడి, నల్లమల అంచు వైపు ఎర్ర నేలలు. కర్నూలు–కడప కాలువ కింద వరి, మిగతా రేగడిలో హింగారి (రబీ) పంటగా శనగ, జొన్న. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలో ఆళ్లగడ్డ కూడా చేరింది.

నంద్యాలలో వ్యవసాయ పరిశోధన స్థానం 1906లో మొదలైంది. గాసెట్ పియర్సన్ ప్రయోగశాలకు వెళ్లిన సంవత్సరం కూడా అదే. అంటే ఇక్కడ తొలి మడులు వేసేనాటికి, ఆ మడుల దిగుబడులను పోల్చడానికి సరైన సూత్రమే లోకంలో లేదు. ఇప్పుడు ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ప్రాంతీయ పరిశోధన స్థానంగా ఉన్న ఈ కేంద్రం నుంచి నరసింహ పత్తి, ఎన్.టి.జె. పేరుతో వచ్చిన తెల్లజొన్న రకాలు, సూర్యనంది కొర్ర, నంద్యాల శనగ-1, యంత్రంతో కోయడానికి అనువుగా నిటారుగా పెరిగే ధీర శనగ, నంద్యాల సోనా వరి వెలువడ్డాయి.

కొత్త రకాన్ని ఒంటరిగా పండించి దిగుబడి చెప్పడానికి వీల్లేదు. రైతులు అప్పటికే వేస్తున్న మంచి రకాన్ని దాని పక్కన వేయాలి. దాన్ని చెక్ రకం అంటారు. శనగలో చాలా ఏళ్లు జె.జి.11 ఆ స్థానంలో ఉంది. వరిలో, బాపట్లలో పుట్టి ఈ జిల్లాలో కర్నూలు సోనాగా పేరుపడిన బి.పి.టి.5204 అలాంటిది. రకం విడుదల కావడమంటే చెక్ రకంతో వరుసగా కొన్నేళ్ల పాటు, అనేక చోట్ల పోలికలో నిలవడం.

పనిచేసే తీరు

కింది పట్టిక లెక్క చూపడానికి వేసుకున్నది, ఏ ప్రయోగం నుంచీ తీసినది కాదు. శనగలో కొత్త రకం, చెక్ రకం ఒక్కొక్కటి ఆరు మడుల్లో వేశారనుకుందాం. దిగుబడి ఎకరాకు క్వింటాళ్లలో.

| బ్లాకు | కొత్త రకం | చెక్ రకం | తేడా |
|---|---|---|---|
| 1 | 7.2 | 6.8 | 0.4 |
| 2 | 8.1 | 7.3 | 0.8 |
| 3 | 6.9 | 6.4 | 0.5 |
| 4 | 7.8 | 7.2 | 0.6 |
| 5 | 7.5 | 6.7 | 0.8 |
| 6 | 8.1 | 7.6 | 0.5 |
| సగటు | 7.6 | 7.0 | 0.6 |

మొదట బ్లాకుల సంగతి మరిచిపోయి, పన్నెండు మడులూ పొలంలో ఎక్కడబడితే అక్కడ ఉన్నాయనుకుని లెక్కిద్దాం. కొత్త రకం విస్తృతి 0.24, చెక్ రకానిది 0.196. రెండూ కలిపిన విస్తృతి 0.218. సగటుల తేడా ప్రామాణిక దోషం 0.27. తేడాను దోషంతో భాగిస్తే టి విలువ 2.226. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్, అంటే కొలతల సంఖ్యలోంచి లెక్కించిన ఒక్కో సగటుకు ఒకటి చొప్పున తీసేస్తే మిగిలేది, 10. టి-పట్టికలో 5 శాతం స్థాయికి 10 దగ్గర ఉన్న సంఖ్య 2.228. హద్దుకు వెంట్రుకవాసి దూరంలో ఆగింది. పద్ధతి ప్రకారం శూన్య పరికల్పనను తోసిపుచ్చలేం.

ఇప్పుడు బ్లాకులను లెక్కలోకి తీసుకుందాం. ఒక్కో బ్లాకులో రెండు మడులూ పక్కపక్కన ఒకే నేలలో ఉన్నాయి. కాబట్టి తేడా నిలువు వరుసను మాత్రమే చూడాలి. ఆరు తేడాల సగటు అదే 0.6, వాటి విస్తృతి మాత్రం 0.028. ప్రామాణిక దోషం 0.068కి పడిపోయింది. టి విలువ 8.78. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 5కు తగ్గినా, టి-పట్టికలోని హద్దు 2.571 మాత్రమే. పి-విలువ వెయ్యింట ఒకటి కంటే తక్కువ.

అంకెలు మారలేదు. సగటులు మారలేదు. మారింది మడులు ఎలా వేశామన్న సమాచారం. మూడో బ్లాకులో నేల చవుడు కావచ్చు, రెండోది పల్లంలో ఉండి తేమ నిలిచి ఉండవచ్చు. మొదటి లెక్కలో ఈ నేల తేడాలన్నీ దోషంగా నమోదయ్యాయి, రెండో లెక్కలో తీసివేతలో పోయాయి. పరీక్ష ఫలితంలో ఎక్కువ భాగం విత్తనాలు వేసే రోజునే నిశ్చయమవుతుందని ఈ ఒక్క పట్టిక చెబుతుంది. అయితే పక్కపక్కన వేయని మడులను కోత అయ్యాక ఇష్టం వచ్చినట్లు జతకట్టి ఇలా లెక్కించడం తప్పు. జత కోత తర్వాత పుట్టేది కాదు.

పి-విలువ అర్థం ఈ ఏర్పాటులో సూత్రాలు లేకుండానే చెప్పవచ్చు. ప్రతి బ్లాకులో ఏ మడిలో ఏ రకం పడాలో చీటీ వేశారు. రెండు రకాల మధ్య నిజంగా ఏ తేడా లేకపోతే, బ్లాకులో ఎక్కువ పండే మడి కొత్త రకానికి దక్కడానికీ చెక్ రకానికి దక్కడానికీ సమాన అవకాశం. ఆరు బ్లాకుల్లో చీటీలు పడగల తీరులు మొత్తం 64. వాటిలో ఆరూ కొత్త రకానికే అనుకూలంగా వచ్చేది ఒకటి, ఆరూ చెక్‌కే వచ్చేది మరొకటి. 64లో 2, అంటే 0.031. తేడాల పరిమాణాన్ని అసలు పట్టించుకోకుండా, ఎటు మొగ్గాయో మాత్రమే చూసినా పి-విలువ 5 శాతం హద్దు కిందికే వస్తుంది. ఫిషర్ పట్టుబట్టిన చీటీకి ఉన్న విలువ ఇది. చీటీ వేయకుండా కొత్త రకాన్ని ఎప్పుడూ కాలువ వైపు మడిలోనే వేసి ఉంటే ఈ 64కు అర్థం లేదు.

కొలత విషయంలో ఒక హెచ్చరిక. అంచు వరుసలు వదిలి లోపలి నికర మడిలో పండినదే తూస్తారు. 20 చదరపు మీటర్ల మడిలో 100 గ్రాముల తూకం తేడా, ఎకరా లెక్కకు మార్చేసరికి 20 కిలోలు అవుతుంది. పై పట్టికలోని తేడాలో మూడో వంతు! గింజలో తేమ ఒక్క స్థాయికి రాకముందే తూస్తే ఏ పరీక్షా దాన్ని సరిదిద్దలేదు.

రకాలు

స్వతంత్ర నమూనాల పరీక్షలో రెండు సమూహాల కొలతలకు పరస్పర సంబంధం ఉండదు. జత నమూనాల పరీక్షలో ప్రతి కొలతకూ ఎదుటి సమూహంలో ఒక జోడు ఉంటుంది: ఒకే బ్లాకులోని రెండు మడులు, ఒకే రోగికి మందుకు ముందూ తర్వాతా రక్తపోటు.

రెండు సమూహాల విస్తృతులు సమానమని నమ్మడానికి ఆధారం లేనప్పుడు వెల్చ్ సవరణ వాడాలి. ఇందులో డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ పూర్ణాంకం కానక్కరలేదు. పై ఉదాహరణ మొదటి లెక్కలో అది 10కి బదులు 9.9 అవుతుంది. విస్తృతులు దగ్గరగా, మడులు సమానంగా ఉన్నచోట నష్టం ఏమీ లేదు, అవి బాగా వేరైనచోట లాభం ఎక్కువ. అందువల్ల స్వతంత్ర నమూనాలకు వెల్చ్ పరీక్షనే మొదటి ఎంపికగా పెట్టుకోవడం మంచిదన్న అభిప్రాయం బలపడింది.

టి-పరీక్ష కొలతలు సామాన్య విభాజనాన్ని అనుసరిస్తాయన్న ఊహ మీద ఆధారపడుతుంది. దిగుబడి, ఎత్తు వంటివాటికి ఇది చాలావరకు సరిపోతుంది. పురుగుల లెక్క, ఎండుతెగులు సోకిన మొక్కల శాతం వంటివాటికి సరిపోదు. అక్కడ వర్గమూలం వంటి పరివర్తన చేసి పరీక్షించడం గానీ, వరుస స్థానాల పరీక్షలు వాడడం గానీ చేస్తారు. స్వతంత్ర నమూనాలకు మాన్–విట్నీ, జతలకు విల్కాక్సన్ పరీక్ష ఉన్నాయి.

తేడా ఏ వైపు ఉన్నా పట్టుకునేది రెండు వైపుల పరీక్ష, ముందే నిర్ణయించిన ఒక్క వైపు మాత్రమే చూసేది ఒక వైపు పరీక్ష. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 10కి ఒక వైపు హద్దు 1.812. అంటే పై ఉదాహరణలో మొదటి లెక్క ఒక వైపు పరీక్షలో నెగ్గుతుంది. ఫలితం చూశాక అటు మారడం పరీక్ష కాదు, కోరుకున్న జవాబు వచ్చేదాకా ప్రశ్న మార్చడం.

మండలాల పోలిక

ప్రయోగం కాకుండా సర్వే ద్వారా వచ్చే కొలతలకు ఇదే పరీక్షను వర్తింపజేసేటప్పుడు జాగ్రత్త ఎక్కువ అవసరం. నంద్యాల మండలంలోనూ ఆళ్లగడ్డ మండలంలోనూ శనగ సగటు దిగుబడి ఒకటేనా అన్న ప్రశ్న తీసుకుందాం. పేరుకు ప్రయోగాలైనా నిజానికి సర్వేలే అయిన పంట కోత ప్రయోగాల్లో చీటీ ద్వారా ఎంపికైన పొలాల్లో నిర్ణీత కొలతల మడి కోసి తూస్తారు. ఈ లెక్కల మీదే ప్రాంత దిగుబడి అంచనాలు, పంటల బీమా ఆధారపడతాయి.

ఇక్కడ జతలు లేవు. స్వతంత్ర నమూనాల పరీక్ష, అందులోనూ వెల్చ్ రూపం తగినది. ఎందుకంటే కాలువ కింది పొలాలు, వాన మీద ఆధారపడిన పొలాలు ఏ పాళ్లలో ఉన్నాయన్నదాన్ని బట్టి రెండు మండలాల విస్తృతులు వేరుగా ఉండవచ్చు. అసలు చిక్కు వేరే ఉంది. ఒకే ఊళ్లో కోసిన మడులు ఒకదానికొకటి పోలి ఉంటాయి. నేల ఒకటే, వాన ఒకటే, చాలాసార్లు విత్తనం తెచ్చిన అంగడీ ఒకటే. అయిదు ఊళ్లలో నాలుగేసి మడులు కోసి ఇరవై స్వతంత్ర కొలతలని లెక్కిస్తే ప్రామాణిక దోషం ఉన్నదానికంటే చిన్నదిగా కనిపిస్తుంది, లేని తేడా ఉన్నట్లు తేలుతుంది. జీవావరణ శాస్త్రజ్ఞుడు స్టూవర్ట్ హర్ల్‌బర్ట్ 1984లో ఈ దోషానికి మిథ్యా పునరావృతం అనదగిన పేరు పెట్టి, ప్రచురిత పరిశోధనల్లో అది ఎంత విస్తృతంగా ఉందో చూపించాడు. సరైన మార్గం ఊరి సగటును ఒక్క కొలతగా తీసుకోవడం.

మరొకటి: మండలాల మధ్య తేడా తేలినా కారణం తేలదు. రైతులను ఏ మండలంలో ఉండాలో ఎవరూ చీటీ వేసి నిర్ణయించలేదు. నేల, నీరు, విత్తిన తేదీ, రకం అన్నీ కలిసి వచ్చిన తేడా అది.

దోషాలు, సామర్థ్యం

లేని తేడాను ఉందనడం మొదటి రకం దోషం. ఉన్న తేడాను పట్టుకోలేకపోవడం రెండో రకం దోషం. మొదటిదానికి 5 శాతం హద్దు ఉంది. రెండోదాన్ని అదుపు చేసేది మడుల సంఖ్య, పొలంలో ఏకరూపత. పై ఉదాహరణలోని చెదురు ఉన్న పొలంలో, బ్లాకులు లేకుండా 0.6 క్వింటాళ్ల అసలు తేడాను పదింట ఎనిమిదిసార్లు పట్టుకోవాలంటే, అంటే పరీక్షా సామర్థ్యం 80 శాతం ఉండాలంటే, ఒక్కో రకానికి సుమారు 11 మడులు కావాలి. మూడు నాలుగు పునరావృతాలతో నడిచే ప్రయోగాల్లో చిన్న తేడాలు పట్టుబడకపోవడంలో ఆశ్చర్యం లేదు.

పరిశోధన స్థానాల నివేదికల్లో టి విలువలు కనిపించవు. సగటుల పట్టిక అడుగున సి.డి. అనే ఒక్క సంఖ్య ఉంటుంది. క్రిటికల్ డిఫరెన్స్‌కు సంక్షిప్త రూపం అది. తేడా ప్రామాణిక దోషాన్ని టి-పట్టికలోని హద్దు విలువతో గుణిస్తే వస్తుంది. రెండు సగటుల తేడా అంతకు మించితే సార్థకం. మన ఉదాహరణలో బ్లాకులు లేకుండా సి.డి. 0.60, బ్లాకులతో 0.18. మించకపోతే ‘ఎన్.ఎస్.’ (నాట్ సిగ్నిఫికెంట్, సార్థకం కాదు) అని రాస్తారు.

‘ఎన్.ఎస్.’ అర్థం

ఈ రెండక్షరాలను ‘రెండూ సమానం’ అని చదవడం పెద్ద పొరపాటు. తేడా ఉందనడానికి ఈ ప్రయోగంలో చాలినంత ఆధారం దొరకలేదనే దాని అర్థం. అసలు తేడా ఎంత నుంచి ఎంత వరకు ఉండవచ్చో చూపే విశ్వాస్యతాంతరం రాస్తే ఈ అపార్థానికి తావుండదు. మొదటి లెక్కలో 95 శాతం అంతరం దాదాపు సున్నా నుంచి 1.2 క్వింటాళ్ల వరకు. ఎకరాకు క్వింటా పైగా లాభం ఉండవచ్చు, అసలేమీ ఉండకపోవచ్చు. రెండో లెక్కలో 0.42 నుంచి 0.78 వరకు. రైతుకు పనికొచ్చేది ఈ రెండో అంతరం. పి-విలువ ఒక్కటే ఇస్తే విత్తనం ధర, కోత కూలీ పక్కన పెట్టి చూసుకోవడానికి అతని చేతిలో సంఖ్యే ఉండదు.

కొన్నిసార్లు సమానత్వమే రుజువు చేయవలసి వస్తుంది. యంత్రంతో కోసే శనగ రకానికి ఎక్కువ దిగుబడి రానక్కరలేదు. కోత ఖర్చు మిగిలేటప్పుడు దిగుబడి చెక్ కంటే మరీ తగ్గకపోతే చాలు. అప్పుడు భరించగల తగ్గుదలను, ఉదాహరణకు ఎకరాకు అర క్వింటాను, ముందే ప్రకటించి, అసలు తేడా ఆ హద్దు లోపలే ఉందని చూపాలి. దీన్ని తీసిపోని తనం పరీక్ష అనవచ్చు. రెండు వైపులా హద్దు పెట్టే సమతుల్యతా పరీక్షకు డొనాల్డ్ షూర్మన్ 1987లో ప్రతిపాదించిన రెండు ఒక వైపు పరీక్షల పద్ధతి వాడుకలో ఉంది. మందుల నియంత్రణలో ఇది నిత్యకృత్యం. పంట ప్రయోగాల్లో అంతగా కనిపించకపోవడం లోపమే.

రెండుకు మించిన రకాలు (చూ. విస్తృతి విశ్లేషణ)

నిజానికి ఏ పొలంలోనూ రెండే రకాలు వేయరు. పది రకాలు వేస్తే పోల్చగల జతలు 45. అన్నీ నిజానికి సమానమైనా, 5 శాతం స్థాయిలో రెండు మూడు జతలు సార్థకంగా కనిపించడం సహజం. కాబట్టి ముందు విస్తృతి విశ్లేషణ చేసి, తర్వాత టూకీ (1949) పద్ధతి గానీ, ప్రతి రకాన్నీ చెక్‌తో మాత్రమే పోల్చే డనెట్ (1955) పద్ధతి గానీ వాడాలి. రెండే రకాలున్నప్పుడు విస్తృతి విశ్లేషణలోని ఎఫ్ విలువ టి విలువ వర్గమే. మన పట్టికకు, బ్లాకులను లెక్కలోకి తీసుకుంటే, అది 77.1.

ఒకటికి మించిన లక్షణాలు (చూ. బహుచలరాశి విశ్లేషణ)

దిగుబడి, వంద గింజల బరువు, పూతకు పట్టే రోజులు కలిపి రెండు రకాలను పోల్చాలంటే విడివిడి టి-పరీక్షలు చాలవు. ఈ లక్షణాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. హెరాల్డ్ హోటలింగ్ 1931లో ఇచ్చిన టి-వర్గ పరీక్ష, మహలనోబిస్ 1936లో నిర్వచించిన దూరం దీనికి పునాదులు. ఆ పునాది మీద పెద్ద కట్టడం లేపినవారిలో కల్యంపూడి రాధాకృష్ణారావు (1920–2023) ముఖ్యుడు. హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి కలకత్తా చేరిన సి.ఆర్. రావు, సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వితీసిన అస్థిపంజరాల కొలతలను విశ్లేషించడానికి కేంబ్రిడ్జి వెళ్లి, అక్కడే ఫిషర్ పర్యవేక్షణలో 1948లో డాక్టరేటు పొందాడు. బహుచలరాశుల సార్థకతా పరీక్షలపై ఆయన వ్యాసం అదే ఏడు బయోమెట్రికాలో వచ్చింది. 2023లో అంతర్జాతీయ సాంఖ్యక పురస్కారం అందుకున్నాడు.

ఫలితం వర్తించే పరిధి

నంద్యాల పరిశోధన స్థానంలో ఒక హింగారిలో వచ్చిన టి విలువ, ఆ నేలకు ఆ ఏడాది వర్తించేది. అక్టోబరు వానలు ఆగిపోయి నిల్వ తేమ మీదే పంట నడిచిన ఏడు గెలిచిన రకం, తుఫాను వాన పడిన ఏడు గెలవకపోవచ్చు. ఈ కారణంగానే రాష్ట్రంలో కొత్త రకాలను అనేక పరిశోధన స్థానాల్లో వేసి చూశాక, చిరు సంచుల రూపంలో రైతులకిచ్చి వారి పొలాల్లో చెక్ పక్కన వేయిస్తారు.

అక్కడ ప్రతి రైతు పొలం ఒక బ్లాకు. కుందూ ఒడ్డున, ఆళ్లగడ్డ చుట్టూ, నల్లమల అంచున మొత్తం ఆరు పొలాల్లో వేశారనుకుంటే, ఒక్కో పొలంలో నాలుగేసి మడులు కోసినా పదేసి కోసినా, ప్రాంతం మొత్తానికి వర్తించే నిర్ణయానికి చేతిలో ఉన్న తేడాలు ఆరే, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అయిదే. ఒకే పొలంలో మడులు పెంచితే ఆ పొలం గురించి మరింత కచ్చితంగా తెలుస్తుంది. ప్రాంతం గురించి తెలియాలంటే ఏడో రైతును అడగాలి.